దేశాలన్నింటికీ ఒకే గురుత్వ ప్రమాణం

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థులకు నమస్కారం.

గురుత్వ త్వరణం విలువ సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు అని మనమందరం బడిలో చదువుకున్నాం. లెక్కలు చేసుకోవడానికి ఆ విలువ చాలు. కానీ భూమధ్యరేఖ దగ్గర సముద్రమట్టంలో అది 9.780 అయితే, ధ్రువాల దగ్గర 9.832. మన హైదరాబాద్‌లో దాదాపు 9.783. ఈ రంగంలో పనిచేసేవారు గెలీలియో పేరు మీద ఏర్పడిన గాల్ అనే ప్రమాణాన్ని వాడతారు. వేగం సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగితే ఆ త్వరణం ఒక గాల్; అందులో వెయ్యో వంతు మిల్లీగాల్, పదిలక్షో వంతు మైక్రోగాల్. భూమధ్యరేఖకూ ధ్రువానికీ మధ్య తేడా 5,200 మిల్లీగాళ్ల వరకు ఉంటుంది. మనం నేల మీది నుంచి మొదటి అంతస్తుకు ఎక్కితే దాదాపు ఒక మిల్లీగాల్ తగ్గుతుంది.

ఇంత చిన్న తేడాలతో ఎవరికి పని అని మీరు అడగవచ్చు. భూగర్భంలో ఇనుప ఖనిజం ఉన్నచోట గురుత్వం కొద్దిగా ఎక్కువగాను, ఉప్పు గోపురం, అంటే నేల కింద గుమ్మటంలా పైకి పొడుచుకొచ్చిన ఉప్పు దిమ్మ, ఉన్నచోట కొద్దిగా తక్కువగాను కనిపిస్తుంది. ఆ ఎక్కువ తక్కువలు ఒకటి రెండు మిల్లీగాళ్లలోనో, అందులో పదో వంతులోనో ఉంటాయి. ఎత్తులు కొలిచేవారికి కూడా ఇది కావాలి. ఉపగ్రహాల నుంచి వచ్చే ఎత్తు ఒక గణిత ఉపరితలం మీది నుంచి లెక్కించినది. నీరు ఎటు పారుతుందో అది చెప్పదు. నీటి పారుదలకు సరిపోయే ఎత్తు కావాలంటే గురుత్వ కొలతలతో జియాయిడ్‌ను, అంటే సముద్రమట్టాన్ని నేల కిందుగా కూడా పొడిగించినట్లు ఊహించే ఉపరితలాన్ని, నిర్ణయించాలి. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ఎవరెస్టు ఎత్తును 8,848.86 మీటర్లుగా ప్రకటించాయి. ఆ అంకె వెనుక ఉపగ్రహ కొలతలతో పాటు గురుత్వ కొలతలు కూడా ఉన్నాయి. ఆ ఏడాది చైనా బృందం శిఖరం మీదికే గ్రావిమీటరును, అంటే గురుత్వాన్ని కొలిచే పరికరాన్ని, తీసుకువెళ్లింది. ఇక 2019 మే నుంచి కిలోగ్రాముకు క్వాంటం భౌతికశాస్త్రంలోని ప్లాంక్ స్థిరాంకమే ఆధారం. దానిని ఆచరణలో చూపే, బరువును విద్యుత్ బలంతో తూచే కిబుల్ తులలో, బరువు ఉన్న చోటి గురుత్వాన్ని కొద్ది మైక్రోగాళ్ల నిశితత్వంతో తెలుసుకోకుండా ద్రవ్యరాశి తేలదు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. గురుత్వాన్ని కొలిచే పరికరాలు రెండు రకాలు. క్షేత్రంలో అందరూ వాడే గ్రావిమీటరులో ఒక స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. గురుత్వం పెరిగితే ఆ స్ప్రింగు వెంట్రుకవాసి సాగుతుంది. ఈ సాపేక్ష పరికరం ఈ చోటికీ ఆ చోటికీ తేడా ఎంతో చెబుతుంది తప్ప, ఈ చోట అసలు విలువ ఎంతో చెప్పలేదు. నిరపేక్ష పరికరం ఏ ఆధారమూ లేకుండా పొడవును, కాలాన్ని కొలిచి నేరుగా విలువ చెబుతుంది. కానీ అటువంటివి చాలా కాలం పాటు చాలా అరుదు. ఇప్పటికీ అన్ని దేశాలలో లేవు. అందువల్ల ప్రతి దేశమూ తన రాజధానిలోనో, తన సర్వే కార్యాలయంలోనో ఒక ఆధార కేంద్రాన్ని పెట్టుకుని, అక్కడి విలువను ఎక్కడి నుంచో అరువు తెచ్చుకుని, దాని మీది నుంచి దేశమంతటినీ కొలిచింది. ఊరికొక మానిక ఉన్న రోజులలో సంతలో ధాన్యం కొలతకు పట్టిన గతే ఈ పటాలకూ పట్టింది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పటాలను పక్కపక్కన పెడితే, నేల ఒక్కటే అయినా, గీత దగ్గర పది పన్నెండు మిల్లీగాళ్ల మెట్టు కనిపించేది. అది భూమిలో ఉన్న మెట్టు కాదు, రెండు దేశాల ఆధార విలువలలో ఉన్న తేడా.

ఉమ్మడి ప్రమాణం కోసం మొదటి గట్టి ప్రయత్నం జర్మనీలోని పోట్స్‌డామ్‌లో జరిగింది. అక్కడి భూమితి సంస్థలో, అంటే భూమి ఆకారాన్ని, పరిమాణాన్ని కొలిచే శాస్త్రానికి చెందిన సంస్థలో, కూనెన్, ఫుర్ట్‌వెంగ్లర్ 1898 నుంచి 1904 వరకు తిరగవేయదగిన లోలకాలతో కొలిచి, 1906లో 981.274 గాళ్ల విలువను ప్రకటించారు; పొరపాటు 3 మిల్లీగాళ్లకు మించదన్నారు. 1909లో అంతర్జాతీయ భూమితి సంఘం దానినే ప్రపంచ ప్రమాణంగా స్వీకరించింది. ఇతర దేశాలు తమ లోలకాలను పోట్స్‌డామ్‌లో ఒకసారి, స్వదేశంలో ఒకసారి ఊపి, రెండు చోట్ల డోలన కాలాల తేడా నుంచి తమ విలువను రాబట్టుకున్నాయి.

మన దేశానికి ఈ చరిత్రలో చోటుంది. పోట్స్‌డామ్ కంటే ముందే, 1865 నుంచి, మహా త్రికోణమితీయ సర్వేకు చెందిన కెప్టెన్ బసేవి లండన్ రాయల్ సొసైటీ పంపిన లోలకాలతో దక్షిణ తీరం నుంచి హిమాలయాల దాకా కొలతలు తీశాడు. ఆ లోలకాలను బయలుదేరే ముందు లండన్ దగ్గరి క్యూ అనే చోట ఊపి చూశారు. 1871లో లడఖ్‌లోని మోరే మైదానంలో, 15,000 అడుగులకు పైన, కొలతలు సాగిస్తుండగానే ఆయన మరణించాడు. మిగిలిన పనిని హెవిసైడ్ పూర్తి చేసి లోలకాలను తిరిగి క్యూకు చేర్చాడు. పర్వతాల కింద తేలిక పదార్థం ఉందన్న వాదానికి ఆ కొలతలు బలం చేకూర్చాయి. 1900 దశకం ఆరంభంలో లెనాక్స్ కనింగ్‌హామ్ కొత్త లోలకాలతో డెహ్రాడూన్‌ను మళ్లీ క్యూతో ముడివేశాడు. అప్పటి నుంచి డెహ్రాడూన్ కేంద్రం మన గురుత్వ కొలతలకు పుట్టిల్లయింది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి మళ్లీ కొలవడం అనే ఆ పద్ధతిని గుర్తు పెట్టుకోండి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే ఉంది.

పోట్స్‌డామ్ విలువ నిజానికి 14 మిల్లీగాళ్లు ఎక్కువ. ఎత్తులోకి మార్చి చెబితే అది 45 మీటర్ల తేడాతో సమానం. 1936లో వాషింగ్టన్‌లో హైల్, కుక్ చేసిన కొలత, 1939లో ఇంగ్లాండులోని టెడింగ్టన్‌లో క్లార్క్ చేసిన కొలత రెండూ పోట్స్‌డామ్ విలువ ఎక్కువని చూపించాయి. అయినా దానిని మార్చడానికి 1971 వరకు పట్టింది. ఈ ఆలస్యానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఒక మూలవిలువ మీద వందల పటాలు, వేల కేంద్రాలు ఆధారపడి ఉన్నప్పుడు దానిని కదిలిస్తే అన్నీ కదలాలి. పైగా అన్ని కేంద్రాల నుంచీ 14 తీసివేస్తే సరిపోయేది కాదు. ఒక్కొక్క దేశం పోట్స్‌డామ్‌తో వేసుకున్న ముడిలో దానిదైన పొరపాటు ఉంది. కొన్ని ముళ్లలో అది అనేక మిల్లీగాళ్లు. మూలంతో పాటు ముళ్లన్నింటినీ మళ్లీ కొలవవలసి వచ్చింది.

అది సాధ్యమైంది విమానాల వల్ల. స్ప్రింగు గ్రావిమీటరుకు ఒక స్వభావం ఉంది. స్ప్రింగు రోజురోజుకూ కొద్దికొద్దిగా సాగుతూ ఉంటుంది కనుక కదలకుండా ఒకేచోట ఉంచినా ఉదయం చూసిన అంకె సాయంత్రం ఉండదు. దీనిని డ్రిఫ్ట్ అంటారు. ప్రయాణంలో గట్టి కుదుపు తగిలితే రీడింగు ఒక్కసారిగా గెంతి, కొత్త చోట నిలబడిపోవచ్చు కూడా. ఓడలో నెలరోజులు ప్రయాణం చేస్తే ఈ జారుడంతా కొలతలో కలిసిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా శాస్త్రవేత్త జార్జ్ వూలార్డ్ గ్రావిమీటర్లను విమానాలలో వెంటబెట్టుకుని ఖండాలు దాటి, ఒక్కొక్క విమానాశ్రయంలో దిగి కొలిచి, అందిన మరో విమానంలో వెళ్లి ఇంకొక చోట కొలిచాడు. ఆయన తరువాత అనేక దేశాల బృందాలు లకోస్ట్-రోంబర్గ్ గ్రావిమీటర్లతో ఇదే పని మరింత నిశితంగా చేశాయి.

ఆ పనిని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. పరిశీలకుడు మొదటి కేంద్రంలో పరికరాన్ని మట్టం చేసి, లోపలి బరువును స్క్రూతో దాని గుర్తు దగ్గరికి తెచ్చి, డయల్ అంకెను, గడియారంలో సమయాన్ని రాసుకుంటాడు. లోపలి ఉష్ణోగ్రత మారకుండా ఉండాలి కనుక బ్యాటరీ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. రాత్రి బసలో కూడా దానిని చార్జింగులో పెట్టి ఉంచాలి. రెండో కేంద్రానికి వెళ్లి అలాగే చదువుతాడు. అక్కడితో ఆపకుండా మొదటి కేంద్రానికి తిరిగి వచ్చి మళ్లీ చదువుతాడు. మొదటిచోట రెండు రీడింగులకు మధ్య వచ్చిన తేడా, కాలానికి తగ్గట్టు పంచవలసిన జారుడు. అటువంటి చుట్లను ఒకదానితో ఒకటి కలిపి పెద్ద చుట్లు తయారు చేస్తే, ఏ చుట్టులోనైనా తేడాలన్నీ కూడితే సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో పరికరం గెంతింది, లేదా అంకె తప్పుగా రాశారు. ఒక్కొక్క పరికరం తనకు తాను నిజం చెప్పలేదు. చుట్టు మూసుకుంటేనే దాని మాట నిజమో కాదో తెలుస్తుంది.

దీనితో పాటు మరొక చిక్కు ఉంది. డయల్ మీద వంద గీతలు నిజంగా ఎన్ని మిల్లీగాళ్లో కంపెనీ ఇచ్చిన పట్టికలో వెయ్యికి ఒక వంతు తప్పున్నా, ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి భూమధ్యరేఖ దాకా కొలిచేసరికి అది 5 మిల్లీగాళ్ల పొరపాటవుతుంది. అందుకని గురుత్వం ఎక్కువగా మారే ఉత్తర-దక్షిణ దిశలో విలువలు ఖచ్చితంగా తెలిసిన కేంద్రాల వరుసలు ఏర్పాటు చేశారు. వూలార్డ్, మంఘ్నానీ కలిసి మన దేశంలోనూ అటువంటి ఉత్తర-దక్షిణ రేఖను ఏర్పరచి 1963లో ప్రచురించారు. ఉత్తరాన, దక్షిణాన విలువలు తెలిసిన రెండు చోట్ల ఒకే పరికరాన్ని పెడితే దాని కొలబద్ద ఎంత నిజమో బయటపడుతుంది.

ఈ కృషి ఫలితం 1971 అంతర్జాతీయ గురుత్వ ప్రమాణ జాలం. ఇటలీలోని ట్రియెస్ట్ నగరానికి చెందిన కార్లో మొరెల్లి ఆధ్వర్యంలోని బృందం దాదాపు 24,000 గ్రావిమీటరు కొలతలను, 1,200 లోలక కొలతలను, పది పదకొండు నిరపేక్ష కొలతలను ఒకే లెక్కలో పెట్టి, అన్ని చుట్లకూ వీలైనంత దగ్గరగా సరిపడే విలువలను కనిష్ఠ వర్గాల పద్ధతిలో రాబట్టింది. 1,854 కేంద్రాల విలువలు తేలాయి. చాలాచోట్ల పొరపాటు 0.1 మిల్లీగాల్ కంటే తక్కువ. ఆ ఏడాది మాస్కోలో జరిగిన అంతర్జాతీయ భూమితి, భూభౌతిక శాస్త్ర సమాఖ్య సభ దానిని ఆమోదించింది. ఇక్కడ ఒక సంగతిని నేను నొక్కి చెబుతాను. ఈ జాలానికి మూలస్తంభంగా ఏ ఒక్క నగరమూ లేదు. పోట్స్‌డామ్ కాలంలో ప్రమాణం ఒక గదిలో ఉండేది. 1971లో అది వేల ముళ్లలో పరుచుకుంది. ఒక కేంద్రం పోయినా జాలం నిలుస్తుంది.

నిజానికి పోయాయి. ఆ కేంద్రాలు చాలా వరకు విమానాశ్రయాలలో ఉండేవి. కొలవడానికి వీలైన చోటు విమానం దిగే చోటే కదా. తరువాతి దశాబ్దాలలో టెర్మినళ్లను కూల్చి కొత్తవి కట్టారు, మెట్లను పగలగొట్టారు, నేల ఎత్తు పెంచారు. పది సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే 20 నుంచి 30 మైక్రోగాళ్ల దాకా మారిపోతుంది. అందుకే కేంద్రం విలువతో పాటు కేంద్రం వర్ణన పత్రం అంతే ముఖ్యం. ఏ గోడకు ఎన్ని అడుగుల దూరం, ఏ మెట్టు, ఏ గుర్తు, కొలిచినప్పుడు పరికరం అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉంది అనే వివరాలు, ఒక రేఖాచిత్రం, ఒక ఛాయాచిత్రం లేని కేంద్రానికి విలువ ఉన్నా ప్రయోజనం లేదు. ఈ పత్రాలు రాసే పనిని చిన్నచూపు చూడవద్దని విద్యార్థులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

1960ల నుంచి లోలకం స్థానంలో పడే వస్తువు వచ్చింది. పారిస్ దగ్గర సెవ్రేలోని అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయంలో సకుమా, అమెరికాలో ఫాలర్ ఈ మార్గాన్ని తెరిచారు. ఇప్పుడు వాడే ఎఫ్‌జీ5 పరికరంలో గాలి తీసేసిన గొట్టంలో ఒక పట్టకం దాదాపు 20 సెంటీమీటర్లు పడుతుంది. ఆ పడడానికి పట్టే కాలం సెకనులో ఐదో వంతు. పడుతున్న పట్టకం మీద లేజర్ కిరణం తగిలి తిరిగి వస్తుంది. కదలని మరో పట్టకం నుంచి వచ్చే కిరణంతో అది కలిసినప్పుడు వెలుగు చీకట్ల పట్టీలు ఏర్పడతాయి. ఆ 20 సెంటీమీటర్లలో అటువంటివి ఆరు లక్షలకు పైగా వెళతాయి. వాటిని రుబీడియం గడియారం కాలంతో పాటు నమోదు చేస్తుంది. నేల కంపనాలు తాకకుండా కదలని పట్టకాన్ని ప్రత్యేకమైన స్ప్రింగు మీద వేలాడదీస్తారు. రాత్రంతా వందల, వేలసార్లు పడవేసి సగటు తీస్తే రెండు మైక్రోగాళ్ల స్థాయి విలువ వస్తుంది. ఆ విలువ నేలకు దాదాపు 1.2 మీటర్ల ఎత్తులోనిది. దానిని నేల మట్టానికి దించాలంటే ఆ గదిలోనే స్ప్రింగు గ్రావిమీటరుతో పైనా కిందా కొలిచి తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీటరు ఎత్తుకు 0.3086 మిల్లీగాల్ తగ్గుతుందన్న పుస్తకంలోని విలువ గోడలు, నేలమాళిగ ఉన్న గదికి వర్తించదు.

ఇటువంటి పరికరం ఒకటి కొని రాజధానిలో పెట్టుకుంటే ఇక పొరుగువారితో పనేమిటి అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. నా జవాబు స్పష్టం. నిరపేక్ష పరికరాలు కూడా ఒకదానితో ఒకటి కొద్ది మైక్రోగాళ్లు తేడాపడతాయి. పరికరంలోని లోహం తానే పడే పట్టకాన్ని లాగుతుంది, లేజర్ కిరణం అంచులలో వంగుతుంది, ఎలక్ట్రానిక్స్ ఆలస్యం చేస్తుంది. ఒంటరిగా ఉన్న పరికరం తన తప్పును ఎన్నడూ చూపదు, రోజూ అదే తప్పును ఎంతో నిలకడగా చెబుతుంది. అందుకే 1981 నుంచి 2009 వరకు సుమారు నాలుగేళ్లకొకసారి దేశదేశాల పరికరాలను సెవ్రేలో ఒకచోట చేర్చి, ఒకే స్తంభాల మీద మారుస్తూ కొలిచారు. తరువాత 2013లో లక్సెంబర్గ్‌లోని వాల్ఫర్‌డాంజ్‌లో పాత జిప్సం గనిలోని ప్రయోగశాలలో, 2017లో బీజింగ్ సమీపంలోని చాంగ్‌పింగ్‌లో, 2023లో అమెరికాలోని బౌల్డర్‌లో ఈ సమావేశాలు జరిగాయి. బసేవి లోలకాలు క్యూకు తిరిగి వచ్చినట్లే ఈ పరికరాలూ తిరిగి వచ్చి కలుస్తున్నాయి.

మైక్రోగాళ్లలోకి దిగితే భూమి కూడా స్థిరంగా ఉండదు. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల ఒకే రోజులో 0.3 మిల్లీగాల్ వరకు మార్పు వస్తుంది. వాయుపీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే 0.3 మైక్రోగాల్ తగ్గుతుంది. వీటిని లెక్కించి తీసివేయాలి, అందరూ ఒకే సూత్రంతో తీసివేయాలి. సూర్యచంద్రుల ఆకర్షణలో ఎప్పటికీ మారని భాగం ఒకటుంది. 1971 జాలంలో దానిని ఉంచారు, 1983లో హాంబర్గ్‌లో దానిని తీసివేసి, దాని వల్ల భూమి ఆకారంలో వచ్చిన శాశ్వత మార్పు ప్రభావాన్ని మాత్రం ఉంచాలని తీర్మానించారు. ఒక దేశం పాత పద్ధతిలోను, పొరుగు దేశం కొత్త పద్ధతిలోను లెక్కిస్తే, పరికరాలు ఎంత మంచివైనా, అక్షాంశాన్ని బట్టి పదుల మైక్రోగాళ్ల తేడా వచ్చిపడుతుంది.

ఆ పైన మన దక్కనుకు సంబంధించిన విషయం ఒకటి. అంతటా పరుచుకున్న ఒక మీటరు మందం నీటి పొర 42 మైక్రోగాళ్లు కలుపుతుంది. మన గ్రానైటు రాళ్లలో నీరు నిలిచే సందు రెండు శాతం అనుకుని, వానాకాలంలో బావి మట్టం ఐదు మీటర్లు పెరిగిందనుకుంటే, అది పది సెంటీమీటర్ల నీటితో సమానం, అంటే 4 మైక్రోగాళ్లు. మే నెలలో కొలిచిన విలువ, అక్టోబరులో కొలిచిన విలువ రెండూ సరైనవే అయినా కలవవు. కనుక ఆధార కేంద్రం పక్కనే నీటి మట్టం చూసే బావి ఉండాలి. ద్రవ హీలియం చల్లదనంలో అయస్కాంత బలంతో తేలే నియోబియం గోళం ఉన్న అతివాహక గ్రావిమీటరును పెడితే, రెండు నిరపేక్ష కొలతల మధ్య ఏం జరిగిందో నిరంతరం తెలుస్తుంది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ 1966 నుంచి దశాబ్దాల పాటు 63వ అక్షాంశం వెంబడి ఉమ్మడిగా కొలిచాయి. మంచుయుగపు బరువు తొలగి అక్కడ నేల ఏడాదికి ఒక సెంటీమీటరు దాకా లేస్తోంది, గురుత్వం అందుకు తగ్గట్టు తగ్గుతోంది. మూడు దేశాలు ఒకే ప్రమాణం మీద దశాబ్దాల పాటు నిలబడినందువల్లనే అంత చిన్న మార్పు తేలింది.

2015లో ప్రేగ్‌లో అంతర్జాతీయ భూమితి సంఘం 1971 జాలం స్థానంలో నిరపేక్ష కొలతల మీద నిలిచే కొత్త వ్యవస్థ కావాలని తీర్మానించింది. 2019లో మాంట్రియల్‌లో అదే సంఘం దానిని బలపరచింది. ఈ వ్యవస్థలో కేంద్రాల విలువలను శాశ్వతంగా పట్టికలో రాసిపెట్టరు. సమావేశాలలో పరీక్షకు నిలిచిన పరికరం ఎక్కడ కొలిస్తే అక్కడ ప్రమాణం ఉన్నట్లే. ఆ కొలతను జర్మనీ, ఫ్రాన్స్ సంస్థలు నడిపే ఉమ్మడి నిధిలో చేర్చాలి. పరికరం కొనలేని దేశానికి పొరుగుదేశం పరికరం వెళ్లి కొలిచి రావచ్చు. ఐరోపాలో 1990ల చివర మధ్య, తూర్పు దేశాలు అలాగే తమ వ్యవస్థలను కలుపుకున్నాయి.

మన ప్రాంతానికి ఇది ఎంత అవసరమో చెప్పి ముగిస్తాను. శ్రీలంకకు దక్షిణాన జియాయిడ్ 106 మీటర్లు కిందికి కుంగి ఉంది. ప్రపంచంలో ఇంతకంటే లోతైన కుంగుబాటు లేదు. దానిని అన్ని వైపుల నుంచీ కొలవాలంటే భారత్, శ్రీలంక, మాల్దీవులు ఒకే ప్రమాణం మీద ఉండాలి. నేపాల్, బంగ్లాదేశ్ సరిహద్దులలో వరద నీటి లెక్కలకూ అంతే. 2021 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ఇచ్చిన భౌగోళిక సమాచార మార్గదర్శకాలు గురుత్వ వైపరీత్యాల విషయంలో, అంటే కొలిచిన విలువకూ లెక్కప్రకారం ఉండవలసిన విలువకూ ఉండే తేడాల విషయంలో, ఒక మిల్లీగాల్‌ను హద్దుగా పెట్టాయి. అంతకంటే నిశితమైన సమాచారాన్ని భారతీయ సంస్థలే తయారు చేసి, దేశంలోనే దాచాలి. దేశ భద్రత దృష్ట్యా సర్వే సమాచారానికి హద్దులు ఉండవచ్చు, దానితో నాకు పేచీ లేదు. అయితే కిలోమీటరుకొకటి చొప్పున వేసే గురుత్వ సర్వే వేరు, దేశమంతటా కొద్దిగా ఉండే ఆధార కేంద్రాలు వేరు. ఒక ప్రయోగశాల నేలమాళిగలోని స్తంభం మీది విలువ భూగర్భంలోని ఏ రహస్యాన్నీ బయటపెట్టదు. డెహ్రాడూన్, హైదరాబాద్ వంటి చోట్ల ఉన్న నిరపేక్ష కేంద్రాల విలువలను, వర్ణన పత్రాలను, పక్క బావి నీటి మట్టాలతో సహా ఉమ్మడి నిధిలో చేర్చాలని, మన పరికరాలు ప్రతి అంతర్జాతీయ సమావేశానికీ తప్పక వెళ్లి రావాలని, కొలంబో, ఢాకా, కాఠ్‌మాండూలలో కొలవడానికి అక్కడి శాస్త్రవేత్తలు పిలిస్తే ఆ పరికరాన్ని పంపడానికి అనుమతులు వారాలలో దొరకాలని సంబంధిత శాఖలను ఈ వేదిక మీది నుంచి అభ్యర్థిస్తున్నాను.

నమస్కారం.